నిలవ అభిప్రాయాలు

కాఫీలో పాలు పోయడం హత్యానేరమని, టెస్టు మ్యాచి తప్ప మిగతాదంతా సర్కసని, బంగినపల్లి మామిడి తెలుగువాడి నాలుకను చెడగొట్టిందని, పిల్లిని పెంచని మనిషికి మంద్రస్థాయి బోధపడదని, 1967 జులై 17న జాన్ కోల్‌ట్రేన్ పోయాక సంగీతంలో చెప్పుకోదగ్గదేదీ జరగలేదని నమ్మే జాతి ఒకటి మన మధ్య బతుకుతోంది.

వీళ్లను నేను జాజ్ బాబాయిలంటాను. హైదరాబాదులో కొండాపూర్ మొదలు కోకాపేట దాకా ప్రతి గేటెడ్ కమ్యూనిటీకీ ఒకరు చొప్పున ఉంటారు. క్లబ్‌హౌసు, ఈతకొలను, జనరేటరు, జాజ్ బాబాయి: బిల్డరే బ్రోషర్లో వేసి ఇచ్చినట్టు. అమెరికాలో మనవాళ్లలోనూ ఉన్నారు. న్యూజెర్సీ రకం మరీ ఘాటు. రైలెక్కితే చాలు, దిగేది విలేజ్ వాన్‌గార్డ్ జాజ్ క్లబ్బు దగ్గరే కదా అన్న ధీమా. వెళ్లరు లెండి. ధీమా చాలు.

బాబాయి మాట ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. "నేనేం పండితుణ్ణి కాదు గానీ, ఏదో తోచింది చెబుతున్నా." ఈ ముక్క వినగానే తెలివైనవాడు లేచి చెప్పులు వెతుక్కుంటాడు. ఎందుకంటే ఆ తోచింది ఈవేళ తోచింది కాదు. ఉప్పూ కారం సరిగ్గా పట్టి, జాడీలో ఊరి, వాసెన కట్టి అటకెక్కించిన సరుకు. ఏ చుట్టం వచ్చినా అదే జాడీ దిగుతుంది, అదే గరిటె పడుతుంది. పిన్నికి మొత్తం కంఠతా వచ్చు. హాల్లో బాబాయి "మైల్స్..." అని నోరు తెరిచేసరికి వంటింట్లో ఆవిడ పెదవులు తరవాతి వాక్యం కదుపుతుంటాయి.

ఇంతకీ ఆయన కొలిచే దేవుడెవరో చూడండి. జాజ్ అంటే అప్పటికప్పుడు పుట్టేది. పాట చట్రం ఒకటి పెట్టుకుని, దాని మీద ఆ క్షణానికి ఏది తోస్తే అది వాయించుకుంటూ పోవాలి. నిన్నటి సోలో ఇవాళ దించేస్తే పక్కన డ్రమ్సు వాయించేవాడే నవ్వుతాడు. మన అవధానిగారికి పృచ్ఛకుడు దత్తపది విసిరాక ఏ గతి పడుతుందో, న్యూయార్కులో సాక్సోఫోన్ పట్టుకున్నవాడికి రాత్రికి నాలుగైదుసార్లు అదే గతి. ఈ సంగతి బాబాయి మహా పారవశ్యంతో చెబుతాడు. పదిహేనేళ్లుగా, ఎక్కడా కామా కూడా మారకుండా చెబుతాడు. ఒక్క స్వరమూ ముందే రాసిపెట్టుకోని కళ గురించి, ముందే రాసిపెట్టుకోకుండా ఒక్క ముక్క మాట్లాడలేని భక్తుడాయన!

'కైండ్ ఆఫ్ బ్లూ' సంగతే తీసుకోండి. మైల్స్ డేవిస్ బృందం 1959లో మార్చి 2న ఒకసారి, ఏప్రిల్ 22న ఒకసారి, కొలంబియా కంపెనీ 30వ వీధి స్టూడియోలో కూర్చుని రెండే రోజుల్లో ముగించిన రికార్డు. బాబాయి జాజ్‌లోకి వచ్చింది ఈ గుమ్మంలోంచే. అందరూ అంతే. లోపలికొచ్చాక తలుపు వేసి, గడియ పెట్టి, "అబ్బే, అది అందరూ వింటారయ్యా" అంటాడు. అందరూ వినేది తను వినడం బాబాయికి ఎంగిలి తిన్నట్టు లెక్క.

ఆ రికార్డుకు ఓ తమాషా కథ ఉంది. మార్చి 2న పనిచేసిన టేపు యంత్రం ఒకటి ఉండాల్సినదానికన్నా కాస్త నెమ్మదిగా తిరిగింది. అలా ఎక్కిన టేపును మామూలు వేగంతో నడిపితే పాట వేగం పెరుగుతుంది, శ్రుతి కాస్త పైకి జరుగుతుంది. మొదటి వైపున్న మూడు పాటలూ, అంటే 'సో వాట్', 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్', 'బ్లూ ఇన్ గ్రీన్', ప్రపంచమంతటా ఆ తప్పు శ్రుతిలోనే అమ్ముడుపోయాయి. సరైన వేగంతో తిరిగిన రెండో టేపు వెతికి 1992లో మళ్లీ విడుదల చేసేదాకా అంతే. ముప్ఫై మూడేళ్లు! ఆ ముప్ఫై మూడేళ్లూ రసికులు ఆ శ్రుతికే కళ్లు మూసుకుని తలలూపారు, ఆ శ్రుతి మీదే వ్యాసాలు రాశారు. ఇప్పుడు బాబాయిని అడగండి. "పాత ప్రెస్సింగు పెట్టగానే నాకు పంటికింద రాయి తగులుతుందయ్యా" అంటాడు. అక్కడ రాయి ఉందని సీడీ అట్ట మీద చదవకముందు ఆయనకు అన్నం బాగానే దిగింది.

అదీ అసలు సంగతి. బాబాయి చెవితో వినడు, అట్టతో వింటాడు.

అట్టల్లో కులీనమైనవి బ్లూ నోట్ కంపెనీవి. 1939లో పుట్టిన కంపెనీ. ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఫొటోలు, రీడ్ మైల్స్ అక్షరాల కూర్పు, రూడీ వాన్ గెల్డర్ రికార్డింగు. ఈ వాన్ గెల్డర్ పగలు జనానికి చూపు పరీక్షించి కళ్లద్దాలు రాసేవాడు. మిగతా వేళల్లో న్యూజెర్సీలో, హ్యాకెన్‌సాక్ అనే ఊళ్లో, అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో రికార్డింగులు చేసేవాడు. జాజ్‌లో మహా రికార్డులనదగ్గవి ఎన్నో ఆ ముందుగదిలో తయారైనవే. ఆ కాలపు అసలు ప్రెస్సింగా కాదా తేల్చుకోవడానికి ఓ పద్ధతి ఉంది. చివరి గీతకూ లేబులుకూ మధ్యనున్న నున్నటి జాగాలో 'ఆర్‌వీజీ' అన్న అక్షరాలుండాలి. దాని దగ్గర్లోనే చిన్న చెవి ఆకారం గుర్తుండాలి. అది నిజానికి చెవి కాదు, రికార్డులు అచ్చొత్తిన ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ వాళ్ల 'పీ' అక్షరం. గొలుసుకట్టులో గీసేసరికి చెవిలా తేలింది.

బాబాయి ఆ చెవిని వెతికే దృశ్యం చూసి తీరాలి. హాల్లో లైట్లన్నీ ఆర్పిస్తాడు. రికార్డును అంచుల మీద రెండు అరచేతులతో పట్టుకుంటాడు. పిన్ని ఫోను టార్చి పట్టాలి, అదీ పక్కవాటుగా. ఒక కన్ను మూసి, భూతద్దంలోంచి, ఊపిరి బిగబట్టి చూస్తాడు. "ఉంది... ఉంది... ఆఁ, చెవి ఉంది!" ఆ చెవి ఉంటే రికార్డు ధర ఎన్నో రెట్లు. ఆ చెవి కోసం బాబాయి కారు టైర్లు మార్చడం రెండేళ్లు వాయిదా వేశాడు. తన తలకు రెండు పక్కలా ఉన్నవాటికి ఏనాడూ అంత శ్రద్ధ దక్కలేదు.

ఆ వాన్ గెల్డరే తరవాతి రోజుల్లో, శబ్దాన్ని అన్నిటికన్నా ఎక్కువ వంకరపెట్టేది ఎల్పీ రికార్డేనని, అది పోయినందుకు తనకు సంతోషమేనని చెప్పాడు. ఈ మాట బాబాయి దగ్గర ఎత్తకండి. ఎత్తితే, "పెద్దవాడయ్యాక ఏదో అని ఉంటాడులే" అని దేవుణ్ణి క్షమించేస్తాడు.

మిగతా అభిరుచులన్నీ ఈ కొమ్మకు కాసినవే. కాఫీకి అరకు గింజలు కావాలి, అవి ఏ వాలు మీద పండాయో తెలియాలి, గ్రాములు తూచాలి, నీళ్లలో థర్మామీటరు ముంచాలి. ఆయన ఒక్క కప్పు దిగేలోపు పిన్ని నలుగురికి ఉప్మా పెట్టి గిన్నెలు కడిగేస్తుంది. గాంధీగారి చేత భేషనిపించుకున్న రాజమండ్రి రత్నం పెన్ను బాబాయి దగ్గరుంది. దాంతో రాసిన వాక్యం మాత్రం ఒక్కటీ లేదు. నిబ్బు గురించి గంట మాట్లాడతాడు. కొరియరు కుర్రాడు సంతకం అడిగితే వాడి చెవి మీదున్న బాల్ పెన్నే గతి.

ఒక ఆదివారం ఎదురు ఫ్లాటు టీచరుగారు కొత్తిమీర అప్పు అడగడానికి వచ్చి దొరికిపోయారు. సాయంత్రాలు పిల్లలకు సంగీతం చెబుతారావిడ. బాబాయి 'టేక్ ఫైవ్' పెట్టాడు. "గమనించారా టీచరుగారూ? అయిదు మాత్రలు! లోకమంతా మూడు మీద, నాలుగు మీద నడుస్తుంటే అయిదు! 1959లో ఇది విప్లవం. దీన్ని లెక్కపెట్టాలంటే చెవి వేరేగా తయారవ్వాలి." ఆవిడ చేతిలో కొత్తిమీర కట్ట ఉంది. దాంతోనే మోకాలి మీద రెండు ఆవృతాలు వేసి చూసుకుని, "ఖండచాపు కదండీ. తక తకిట తిరగేసి తకిట తక వేశారు, అంతే. బాగుంది, మా రెండో తరగతి పిల్లకి చెబుతా" అన్నారు. బాబాయి జాలిగా నవ్వి, వాల్యూము పెంచాడు.

ఆ పాట కట్టిన పాల్ డెస్మండ్‌కూ, ఆ బృందం నడిపిన డేవ్ బ్రూబెక్‌కూ టీచరుగారి మాట ఇంపుగానే ఉండేది. బ్రూబెక్ 1958లో అమెరికా విదేశాంగ శాఖ పంపగా మన దేశం వచ్చి, మద్రాసులో పళని సుబ్రమణ్య పిళ్లై మృదంగంతో కలిసి వాయించి వెళ్లినవాడు. అదే యాత్రలో ఇస్తాంబుల్ వీధి వాద్యగాళ్ల దగ్గర తొమ్మిది మాత్రల నడక విని, దాని మీద ఇంకో పాట కట్టుకున్నవాడు. వాళ్లు వీధుల్లో ఏరుకున్నదాన్ని బాబాయి బ్యాంకు లాకర్లో పెట్టాడు.

మాండలిన్ శ్రీనివాస్ పాలకొల్లులో పుట్టాడు. బాబాయి అత్తవారి ఊరు అక్కడికి ఆటో దూరం. ఒకప్పుడు ఆ పిల్లవాడి కచేరీ టీవీలో వస్తే బాబాయి "ముసలాళ్ల సంగీతం" అని కట్టేసేవాడు. తరవాత ఇంగ్లీషు జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ఆయన్ను 'రిమెంబర్ శక్తి' బృందంలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇంక చూసుకోండి! "మన శ్రీనివాస్" అంటాడు ఇప్పుడు. బాబాయి లెక్కలో శ్రీనివాస్ పాలకొల్లు నుంచి రాలేదు. సముద్రం అవతలికెళ్లి, కస్టమ్స్ ముద్ర వేయించుకుని దిగుమతయ్యాడు.

సినిమా పాట పేరెత్తితే బాబాయి సోఫాలో సర్దుకుని కూర్చుంటాడు, ఎవరో కాలు తొక్కినట్టు. 1930లలో బొంబాయి తాజ్ హోటల్లో లియన్ అబ్బీ, టెడ్డీ వెదర్‌ఫర్డ్ లాంటి నల్లజాతి అమెరికన్లు వచ్చి జాజ్ వాయించారు. ఆ గాలి సోకిన గోవా కుర్రాళ్లు రాత్రి హోటళ్లలో వాయించి, పగలు సినిమా స్టూడియోలకు పోయి కూలికి వాయించారు. చిక్ చాకొలెట్ అని పేరుపడ్డ ట్రంపెట్ వాద్యగాడు సి.రామచంద్ర దగ్గర పనిచేశాడు. 1951 నాటి 'అల్బేలా' పాటల ఊపులో ఆయన పాలుంది. అంటే, బాబాయి వాళ్లమ్మగారు రేడియో సిలోన్ పెట్టుకుని రోట్లో పప్పు రుబ్బుతూ తల ఊపింది స్వింగుకే. ఆవిడకు ఆ సంగతి తెలీదు, అందుకే సరిగ్గా ఊపింది.

బాబాయి తల ఊపడు. హార్లెంలో 1926లో సవాయ్ బాల్‌రూమ్ తెరిచాక, గంతులకు చెక్క నేల అరిగిపోతే మళ్లీ మళ్లీ వేయించుకునేవారు. అక్కడ చెమటలు కక్కుతూ జనం ఎగిరిన పాటకే బాబాయి ఏసీ 22లో పెట్టుకుని, సంతాప సభలో మౌనం పాటిస్తున్నట్టు కూర్చుంటాడు. కచేరీకి వెళ్తే ఆయన చూపు వేదిక మీద ఉండదు. సోలో అయ్యాక చప్పట్లు కొట్టాలని తెలియక తటపటాయించేవాళ్లెవరా అని వరసలన్నీ చూస్తాడు. దొరికితే ఆ సాయంత్రం టిక్కెట్టు డబ్బులు గిట్టినట్టే.

ఈ రోగానికి మంచి వంశమే ఉంది. ఇంగ్లీషు కవి ఫిలిప్ లార్కిన్, హల్ యూనివర్సిటీ లైబ్రేరియన్, 1961 నుంచి 1971 దాకా డైలీ టెలిగ్రాఫ్‌లో జాజ్ రికార్డుల మీద సమీక్షలు రాశాడు. చార్లీ పార్కర్ వచ్చాక అంతా చెడిందని ఆయన ఫిర్యాదు. పార్కర్, పౌండ్, పికాసో ముగ్గుర్నీ ఒకే బోనెక్కించాడు. ఆయనతో నేను దాదాపు ఏ మాటకూ ఒప్పుకోను. కానీ ఆ మనిషి తన చెవితో విని, తన నోటితో తిట్టాడు. బాబాయికి సొంత తిట్టు కూడా లేదు. ఆయన కోల్‌ట్రేన్ చివరి రికార్డులను మెచ్చుకునేదీ అరువే, మెచ్చుకోలేక నీళ్లు నమిలేదీ అరువే.

రెండో గ్లాసు సగమయ్యాక కన్నీళ్ల ఘట్టం వస్తుంది. ఇందులో ఒక్క అబద్ధమూ ఉండదు, ఆ మాట చెప్పుకోవాలి. 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959 ఆగస్టు 17న విడుదలైంది. ఎనిమిది రోజులకు, 25వ తేదీన, బర్డ్‌లాండ్ క్లబ్బు బయట బోర్డు మీద తన పేరే వెలుగుతుంటే, దాని కింద నిలబడి సిగరెట్టు తాగుతున్న మైల్స్ తల మీద పోలీసు లాఠీ పడింది. బట్టలన్నీ నెత్తురు. అంతకు ముందు నెలలోనే బిల్లీ హాలిడే ఆస్పత్రి మంచం మీద, అరెస్టులో ఉండగా చనిపోయింది. థెలోనియస్ మంక్‌కు క్లబ్బుల్లో వాయించడానికి పోలీసులిచ్చే కార్డు 1951లో లాగేసుకుంటే ఆరేళ్లు న్యూయార్కు క్లబ్బుల గడప తొక్కలేకపోయాడు. ఇవన్నీ చెప్పి బాబాయి కళ్లు తుడుచుకుని, "అణగారినవాళ్ల గుండె చప్పుడయ్యా ఇది" అంటాడు. పద్దెనిమిదేళ్ల స్కాచి, ఒక్క ఐసు ముక్క. కింద సెల్లార్లో డ్రైవరు ఎనిమిదింటి నుంచి అన్నం తినకుండా కూర్చుని ఉన్నాడు. అతిథుల్ని దింపి రావాలిగా.

బాబాయికి చచ్చేలోగా ఒక్కసారి న్యూ ఆర్లీన్స్ వెళ్లి కాంగో స్క్వేర్ మట్టి నుదుటికి పెట్టుకోవాలని ఉంది. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు ఆదివారాలు చేరి డోళ్లు మోగించుకున్న చోటది. మంచి కోరికే. ఆయన ఆఫీసు లక్డీకాపూల్‌లో. రోజూ మాసబ్ ట్యాంకు మీదుగా వెళ్లి వస్తాడు. ఆ పక్కనే ఏసీ గార్డ్స్. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్వికదళం. ఆ సిద్దీల వారసులు ఇవాళ్టికీ అక్కడున్నారు. వాళ్లు పెంచిన మర్ఫా దరువు లేకుండా పాతబస్తీలో బరాత్ కదలదు. బాబాయికి ఏసీ గార్డ్స్ అంటే ట్రాఫిక్ జాము.

పెళ్లిళ్ల రోజుల్లో ఒక రాత్రి మెహదీపట్నం దగ్గర అలాంటి బరాత్‌లోనే ఆయన కారు ఇరుక్కుంది. ముందు పూలు చుట్టిన గుర్రం, దాని వెనక మర్ఫా మేళం. నడుముకు కట్టుకున్న డోలు మీద ఒకడు సన్న కర్రతో దరువు పరుస్తున్నాడు. పక్కవాడు దాన్ని నాలుగుసార్లు అలాగే పోనిచ్చి, అయిదోసారి మధ్యలో దూరి విరగ్గొట్టాడు. మొదటివాడు ఉలిక్కిపడి చూసి, నవ్వి, ఆ విరుపునే అందుకుని ఇంకో నడకలోకి లాక్కెళ్లాడు. పెళ్లికొడుకు మేనమామ నోట్ల దండ ఊపుతూ ఈలేశాడు. అప్పుడు కార్లో ఆర్ట్ బ్లేకీ 1962 నాటి 'ది ఆఫ్రికన్ బీట్' మోగుతోంది. బాబాయి అద్దం పైకెత్తించి, "ఈ గోలలో డోలు వినబడి చావటంలేదు" అన్నాడు. ముందు సీట్లో డ్రైవరు వేళ్లు స్టీరింగు మీద బయటి దరువే వేస్తున్నాయి.

1918లో న్యూ ఆర్లీన్స్ సొంత పత్రిక టైమ్స్-పికయూన్ జాజ్ మీద సంపాదకీయమే రాసింది. ఈ రోత మా ఊళ్లో పుట్టిందన్న అపవాదు మాకొద్దని దాని సారాంశం. ఆ సంపాదకుడు ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఏ రికార్డు పెట్టుకుని ఉంటాడో నేను పందెం కాయగలను. ఓడ దిగి వచ్చిందే, అట్ట బాగున్నదే.

సంక్రాంతి సెలవులకు బాబాయి అన్నగారి అబ్బాయి వచ్చాడు. పదో తరగతి. వెంట పాత క్యాసియో కీబోర్డు, రెండు మీటలు పలకవు. భోజనాలయ్యాక వరండాలో కూర్చుని ఏదో వాయించుకుంటున్నాడు. మధ్యలో వేలు జారి పక్క మీట మీద పడింది. వాడు ఆగలేదు. ఆ తప్పునే రెండోసారి కావాలని వేశాడు. మూడోసారి దాన్ని ఇంకాస్త సాగదీసి, కింద ఎడమచేతి వరస మార్చి, తప్పును పాటలోకి కలిపేసుకున్నాడు. పిన్ని చేతిలో పళ్లెంతోనే గుమ్మంలో ఆగిపోయింది.

బాబాయి కాఫీ కప్పుతో వచ్చాడు. "ఎవరిదిరా అది?"

"నాదే బాబాయ్."

"అది కాదురా. ఒరిజినల్ ఎవరిది? బిల్ ఎవాన్సా?"

"ఏమో బాబాయ్, ఇప్పుడే వచ్చింది."

బాబాయి కప్పు కిందపెట్టి, ఫోను తీసి, పాట పేరు పట్టి చెప్పే యాప్ నొక్కి కీబోర్డు స్పీకరు దగ్గర పెట్టాడు. వాడు వాయిస్తూనే ఉన్నాడు. ఫోను కాసేపు గిరగిరా తిరిగి ఆగింది.

"దొరకలేదంటోంది," అన్నాడు బాబాయి. "ఇంక ఆపరా, ఇది పాటేం కాదు. లోపలికి రా, అసలు ఇంప్రవైజేషన్ అంటే ఏంటో వినిపిస్తా."